ఒరుగుల లెక్క: చిన్న టమాటా రైతు ఇంటి దగ్గరే ప్రాసెసింగ్ మొదలుపెట్టే దారి

మండీలో టమాటా ధర ఎంతకు పడితే సరుకు అక్కడికి పంపడం ఆపి ఇంటి దగ్గర ఎండబెట్టుకోవాలి? ఈ ప్రశ్నకు రూపాయల్లో జవాబు చెప్పగలిగిన రైతుకు ప్రాసెసింగ్ యూనిట్ అన్నం పెడుతుంది. చెప్పలేని రైతు ఇంట్లో అదే యూనిట్ రెండేళ్లు తిరిగేసరికి పశుగ్రాసం దాచుకునే షెడ్డవుతుంది. నేను రెండు రకాలూ చూశాను. అందుకే మెషీన్ల జోలికి వెళ్లకముందే ఈ లెక్క చెబుతాను.

మదనపల్లె చుట్టుపక్కల ఎకరం, రెండెకరాల్లో టమాటా వేసేవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పత్తికొండ వైపు రైతులకూ, చేవెళ్ల, వికారాబాద్ ప్రాంతాల్లో కూరగాయలు పండించేవాళ్లకూ కూలీ రేట్లు మారతాయేమో గానీ పద్ధతి మారదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద రూపాయలు దాటింది. అదే ఏడాది సెప్టెంబరుకి రాయలసీమలో కోత కూలీ కూడా గిట్టని ధరకు దిగింది. మూడు నెలల్లో ఈ రెండూ చూసిన రైతుకు కావలసింది, ధర పడ్డ రోజుల్లో సరుకును ఇంకో దారికి మళ్లించే వెసులుబాటు. పంట మొత్తాన్నీ ప్రాసెస్ చేయనక్కర్లేదు.

ముందు గీత గీసుకోండి

టమాటాలో దాదాపు 94 శాతం నీరే. మనం ఎండబెట్టేది ఆ నీటిని వదిలించుకోవడానికి. కాబట్టి వంద కిలోలు ఎండబెడితే చేతికి ఎంత వస్తుందో తెలుసుకోకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఇందులోని రేట్లు నేను అనుకుని వేసినవి. మీ ఊరి రేట్లు పెట్టి మీరే మళ్లీ వేసుకోవాలి. వంద కిలోల్లో ఏరివేతకు, తొడిమలు తీయడానికి 8 కిలోలు పోయాయనుకోండి. మిగిలిన 92 కిలోలు కోసి ఎండబెడితే, కారిపోయిన రసం, ట్రేలకు అంటుకున్నది పోను, ఐదున్నర కిలోల ఒరుగులు, అంటే ఎండిన ముక్కలు, వస్తాయి. కడగడానికి, కోయడానికి, పరచడానికి ఇద్దరు మనుషులు ఒక రోజు: 800 రూపాయలు. తిప్పడం, ఏరడం, ప్యాకింగ్: 200. ఉప్పు, నీళ్లు, కరెంటు: 50. వంద గ్రాముల ప్యాకెట్లు 55 వస్తాయి. కవరుకూ లేబులుకూ కలిపి ఆరు రూపాయల చొప్పున 330. డ్రయ్యర్‌కు లక్షన్నర పెట్టి, ఏడేళ్ల పాటు ఏడాదికి 60 విడతలు వాడితే విడతకు సుమారు 360. అంతా కలిపితే 1,740. ఇందులో టమాటా ఖరీదు ఇంకా చేర్చలేదు.

ప్యాకెట్ మీద 80 రూపాయల ధర వేసి, దుకాణదారుకు 20 వదిలేస్తే మనకు 60. మొత్తం 55 ప్యాకెట్లూ అమ్ముడుపోతే 3,300. అందులోంచి 1,740 తీసేస్తే 1,560 మిగులుతుంది. అంటే కిలో టమాటాకు 15 రూపాయల 60 పైసలు. ఇదే మీ గీత. కమీషన్, హమాలీ, లారీ బాడుగ పోను మండీలో కిలోకు ఇంతకంటే ఎక్కువ చేతికొస్తుంటే, ఆ రోజు కత్తిపీట ముట్టుకోవద్దు. పచ్చి సరుకే అమ్మేయండి.

ఇప్పుడు అదే లెక్కను కాస్త కదిపి చూడండి. 55 ప్యాకెట్లలో పది అమ్ముడుపోకుండా మిగిలాయంటే 600 పోయినట్టే, గీత 9 రూపాయల 60 పైసలకు దిగుతుంది. ప్యాకెట్లు వద్దనుకుని ఒరుగుల్ని గంపగుత్తగా కిలో 400కి అమ్మారనుకుందాం. 2,200 వస్తుంది. కవర్ల ఖర్చు పోయి పెద్ద సంచుల ఖర్చు 30 చేరుతుంది, గీత 7 రూపాయల 60 పైసల దగ్గర ఆగుతుంది. అమ్మకం ఎంత ముఖ్యమో ఈ మూడు అంకెల్లోనే ఉంది. డ్రయ్యర్ ఎంత మంచిదైనా, అమ్ముడుపోని పది ప్యాకెట్లు కిలోకు ఆరు రూపాయలు లాగేసుకుంటాయి.

ఒక్క మాట. కూలీ కింద వేసిన వెయ్యి రూపాయలు ఇంటి ఆడవాళ్ల చాకిరీ అయినా సరే, లెక్కలోంచి తీసేయకండి. "మా ఇంటి వాళ్లే కదా" అని ఆ ఖర్చు రాయని యూనిట్లు కాగితం మీద లాభాల్లో ఉంటాయి. ఆ లాభమంతా ఇంట్లో ఒకరి నడుం మీద వచ్చినదే. వాళ్ల కూలీ వాళ్ల చేతికి ఇవ్వండి, లేదా వాళ్ల పేరున పుస్తకంలో రాయండి.

ఏ కాయ ఎటు పోవాలి

ప్రాసెసింగ్ అనగానే కుళ్లినవి, బూజు పట్టినవి వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అలా చేయకూడదు. బూజు వదిలే విషం ఎండబెట్టినా, ఉడకబెట్టినా పోదు. కోత రోజున మూడు కుప్పలు పోయండి. గట్టిగా, ఒకే సైజులో, మచ్చ లేకుండా ఉన్నవి మండీకి. బాగా పండినవి, చిన్నవి, వంకర తిరిగినవి, ఎండ మచ్చ పడినవి మన షెడ్డుకి. కుళ్లు, బూజు, పురుగు తొలిచినవి ఎరువు గుంతకి. ఇలా వేరు చేయడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. రెండో రకం కలవని క్రేట్లకు మండీలో ధర మెరుగ్గా పడుతుంది. మెషీన్ కొనకముందే విలువ పెరిగే చోటు ఇది.

షెడ్డుకి వచ్చిన సరుకంతా ఆ రోజే కోయడం కుదరదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన కరెంటు అక్కర్లేని చల్లగది ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇటుకలతో రెండు వరసల గోడ కట్టి, మధ్య సందులో నది ఇసుక పోసి, ఇసుకను రోజుకు రెండు పూటలా తడపాలి. పైన వెదురు తడక, గడ్డి, గోనె వేయాలి. మండు వేసవిలో లోపల బయటికంటే పది పదిహేను డిగ్రీలు చల్లగా ఉంటుంది. క్వింటాలు సరుకు పట్టే గదిని ఊళ్లో మేస్త్రీ ఒకటి రెండు రోజుల్లో కట్టేస్తాడు. చెట్టు నీడలో, గాలి ఆడే చోట కట్టించండి. నీటి వసతి దగ్గర్లో ఉండాలి.

ఏం తయారు చేయాలి, ఏం వద్దు

టమాటా అనగానే కెచప్ గుర్తొస్తుంది. చిన్న రైతు మొదట వదిలేయాల్సింది దాన్నే. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం కెచప్‌లో ఉప్పు కాకుండా కరిగిన ఘనపదార్థం కనీసం 25 శాతం ఉండాలి. మన టమాటాలో ఉండేది నాలుగైదు శాతం. మిగతా నీరంతా మరిగించి ఆవిరి చేయడానికయ్యే వంటచెరకు లేదా గ్యాస్ ఖర్చు పెట్టి, టన్నుల లెక్కన తయారు చేసే కంపెనీల సీసా పక్కన మన సీసా పెట్టి అమ్మాలి. ఆ పోటీ మనకు వద్దు.

మనకు చేతనైన దారులు వేరే ఉన్నాయి. ఒరుగులు మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నవే. టమాటా, కాకర, వంకాయ, గోరుచిక్కుడు, బెండ, మామిడి, ఏ కాయైనా వేసవిలో మిద్దె మీద ఎండి డబ్బాలోకి చేరేది. పచ్చిమిర్చి ధర పడినప్పుడు చల్ల మిరపకాయలున్నాయి. గాటు పెట్టిన కాయల్ని ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో రెండు మూడు రోజులు నానబెట్టి, పగలు ఎండబెట్టి, రాత్రి మళ్లీ అదే మజ్జిగలో వేసి, మజ్జిగంతా పీల్చుకున్నాక గలగలలాడేలా ఎండిస్తారు. పట్నంలో అపార్ట్‌మెంట్ ఇళ్లలో ఈ పని చేసుకునే చోటు లేదు. అందుకే కొనేవాళ్లు ఉన్నారు. గోంగూర, టమాటా నిల్వ పచ్చళ్లు, మునగాకు పొడి, కరివేపాకు పొడి కూడా ఈ కోవలోవే.

కచ్చితంగా వద్దని చెప్పాల్సింది ఒకటుంది. బెండ, చిక్కుడు, బీన్స్, మొక్కజొన్న లాంటి పులుపు లేని కూరగాయల్ని నీళ్లలో ఉడకబెట్టి సీసాల్లో మూతపెట్టి అమ్మొద్దు. గాలి తగలని చోట, పులుపు లేని చోట పెరిగే బొటులిజం సూక్ష్మజీవి విడుదల చేసే విషం ప్రాణం తీస్తుంది. దాని బీజాలు మామూలుగా మరిగే నీటిలో చావవు. అధిక పీడనంలో వేడి చేసే యంత్రాలు, దాని మీద శిక్షణ ఉన్నవాళ్లే చేయాల్సిన పని అది.

ఎండబెట్టడం: ఈ పనిలో ప్రాణం ఇక్కడే ఉంది

ఆరుబయట గోనెల మీద ఎండబెడితే దుమ్ము, ఈగలు, పక్షులు, అకస్మాత్తుగా పడే చినుకు, ఇవన్నీ సరుకులో కలుస్తాయి. ఇంటి వాడకానికి చెల్లుతుందేమో, అమ్మకానికి చెల్లదు. పాలీకార్బనేట్ షీట్లతో సొరంగంలా కట్టే సోలార్ డ్రయ్యర్ గానీ, ట్రేల క్యాబినెట్ డ్రయ్యర్ గానీ కావాలి. మహారాష్ట్రకు చెందిన ఎస్4ఎస్ టెక్నాలజీస్ అనే సంస్థ గ్రామీణ మహిళలకు సోలార్ డ్రయ్యర్లు అందించి, వాళ్లు ఎండబెట్టిన సరుకును కొనుక్కునే పద్ధతి నడుపుతోంది. 2023లో ఎర్త్‌షాట్ బహుమతి అందుకున్న సంస్థల్లో అదొకటి. మన దగ్గర కర్నూలు జిల్లా తడకనపల్లెలో పొదుపు సంఘాల మహిళలు ఇలాంటి సోలార్ యూనిట్లలో ఉల్లి, టమాటా ఎండబెట్టారు. డబ్బు పెట్టే ముందు ఇలా నడుస్తున్న యూనిట్‌ను ఒక్కటైనా కళ్లారా చూసి, వాళ్ల పక్కన ఒక రోజు పని చేసి రండి.

డ్రయ్యర్ ఎంతది కావాలి? టమాటా ముక్కలు చదరపు మీటరు ట్రేకి నాలుగైదు కిలోలకు మించి వేయకూడదు. అంటే వంద కిలోలకు 20 నుంచి 25 చదరపు మీటర్ల ట్రేలు. అమ్మేవాడు "వంద కిలోల డ్రయ్యర్" అంటే ఆ మాటతో ఆగకండి. టేపు పెట్టి ట్రేలు కొలవండి. ట్రేలు స్టీలువో, ఆహారానికి పనికొచ్చే జాలీవో కావాలి. తుప్పు పట్టే ఇనుప జాలీ మీద టమాటా పులుపు పడితే సరుకు నల్లబడుతుంది.

ఇక పని వరస. తెల్లవారుజామునే కాయల్ని రెండు నీళ్లలో కడగండి. మొదటి నీరు మట్టి పోవడానికి. రెండోది తాగేందుకు పనికొచ్చే శుభ్రమైన నీరై ఉండాలి. తొడిమ దగ్గరి గట్టి భాగం తీసేసి, ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల మందంతో చక్రాలుగా కోయాలి. మందం అన్నింటికీ ఒకటే ఉండాలి. సన్న ముక్క మాడిపోయేసరికి మందం ముక్క ఇంకా పచ్చిగానే ఉంటుంది. చేతికి అలవాటయ్యేదాకా స్లైసర్ వాడండి. పలచటి తోలు, ఎక్కువ రసం ఉండే నాటు రకం పచ్చడికి రుచి. ఒరుగులకూ పొడికీ మాత్రం కండ గట్టిగా, గింజ తక్కువగా ఉండే రకాలు నయం.

ఎర్రటి రంగు నిలవాలంటే లీటరు నీటికి రెండు గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపి, పది నిమిషాలు ముక్కల్ని ముంచి తీస్తారు. ఇది వాడితే లేబుల్ మీద రాయడం తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవాళ్లకు దీని వల్ల ఇబ్బంది రావచ్చు. నా మట్టుకు నేను ఇది వాడకుండా, ముక్కల బరువుకు ఒకటి రెండు శాతం ఉప్పు చల్లడం మేలంటాను. రంగు కాస్త ముదురుతుంది. కానీ "ఉప్పు తప్ప ఏమీ కలపలేదు" అని చెప్పి అమ్ముకోగలిగే మాటకు పట్నంలో ఎక్కువ విలువుంది.

డ్రయ్యర్ లోపల 55 నుంచి 60 డిగ్రీలు చాలు. త్వరగా అయిపోతుందని మొదటి గంటల్లోనే 70కి తీసుకెళితే ముక్క పైపొర గట్టిపడి లోపలి తేమకు బయటికి దారి మూసుకుపోతుంది. పైకి ఎండినట్టే ఉంటుంది, నెల తిరక్కుండా ప్యాకెట్లో బూజు కనిపిస్తుంది. వేడి కంటే గాలి కదలిక ముఖ్యం. ఫ్యాను పనిచేస్తోందా, తేమ గాలి బయటికి పోతోందా అన్నది గంటకోసారి చూడండి. సోలార్ సొరంగంలో ఎండ బాగుంటే రోజున్నర, రెండు రోజులు పడుతుంది. పొద్దున తొమ్మిదికల్లా ట్రేలు లోపలికి వెళ్లాలి. మధ్యాహ్నం కోసి పెడితే రాత్రికి ముక్క ఇంకా చెమ్మగానే ఉండి, తెల్లారేసరికి పులుస్తుంది. మబ్బు పట్టిన రోజు కోయకపోవడమే మంచిది. మా వైపు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు రోజుల తరబడి పడతాయి. ఆ నెలల్లో కూడా నడపాలంటే కరెంటు హీటరో, ఎండు పుల్లలతో మండే పొయ్యి నుంచి వేడి గాలి తెచ్చే ఏర్పాటో జత చేసుకోవాలి.

ఎండిందో లేదో చేతులే చెబుతాయి. కూరలో వేసుకునే ఒరుగులు తోలులా వంగాలి, నొక్కితే తడి తగలకూడదు. పొడి చేయాలనుకుంటే పుటుక్కున విరగాలి. చల్లారాక వెంటనే ప్యాక్ చేయొద్దు. గాజు సీసాల్లోనో, మూత ఉన్న డబ్బాల్లోనో మూడింట రెండొంతులు నింపి వారం రోజులు ఉంచి, రోజూ ఒకసారి కదపండి. లోపల గోడలకు చెమ్మ కనిపించిందా, మళ్లీ డ్రయ్యర్లో వేయాల్సిందే. ఎక్కువ ఎండిన ముక్క, తక్కువ ఎండిన ముక్క తేమను సమానంగా పంచుకునేది ఈ వారంలోనే. తొందర పడి ఈ వారం ఎగ్గొట్టినవాళ్ల సరుకే దుకాణాల నుంచి వెనక్కొస్తుంది.

టమాటా పొడి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గాలిలోని తేమను అది చిటికెలో పీల్చుకుని గడ్డ కడుతుంది. అందుకే సరుకును ఒరుగులుగానే నిల్వ పెట్టుకుని, ఆర్డర్ వచ్చినప్పుడే, ఎండ ఉన్న మధ్యాహ్నం పూట మర పట్టి, ఆ గంటలోనే ప్యాక్ చేయండి. మామూలు పాలిథిన్ కవరు తేమను ఆపలేదు. లోపల అల్యూమినియం పొర ఉన్న పౌచ్ వాడాలి.

పచ్చడి: రుచి మీది, పులుపు కొలతది

నిల్వ పచ్చడి నిలిచేది ఉప్పు, పులుపు, నూనె కలిసి కాపాడబట్టే. టమాటాల పులుపు కాయను బట్టి, పంట కాలాన్ని బట్టి మారుతుంది. బాగా పండినదాంట్లో పులుపు తగ్గి, సూక్ష్మజీవులకు అనుకూలించే హద్దుకు దగ్గరవుతుంది. పులుపును కొలిచే పీహెచ్ అంకెలో ఆ హద్దు 4.6. తక్కువ అంకె అంటే ఎక్కువ పులుపు అని గుర్తు. మన పచ్చడి 4.2 కంటే కింద ఉండేలా చూసుకుంటే నిశ్చింత. చింతపండు వేసేది రుచికే అనుకుంటాం గానీ, అది చేసే పెద్ద పని ఇదే. చిన్న పీహెచ్ మీటర్ ఒకటి కొని, ప్రతి విడతకూ కొలిచి పుస్తకంలో రాయండి. వెల్లుల్లిని పచ్చిగా నూనెలో వేసి వదిలేయొద్దు. పులుపు ఉన్న ముద్దలోనే కలపాలి.

పది కిలోల టమాటాకు మొదటి ప్రయత్నంగా ఈ కొలత వేసి చూడండి: ఉప్పు 700 గ్రాములు, చింతపండు 800, కారం 800, వేయించిన మెంతి, ఆవ పొడి 200, వెల్లుల్లి 300, నువ్వుల నూనె రెండున్నర కిలోలు. ముక్కల్ని ఉప్పులో ఒక రోజు ఊరబెట్టి, రసం పిండి తీసి, ముక్కల్ని విడిగా డ్రయ్యర్లో ఎండబెట్టి, ఊరిన రసంలో చింతపండు నానబెట్టి, అన్నీ కలిపి రుబ్బి పోపు పెట్టాలి. ఇక్కడ పట్టింపు కొలత దగ్గరే. మీ అమ్మ చేతి "గుప్పెడు", "చారెడు" ఎంతో ఒకసారి తూకం వేసి గ్రాముల్లో రాసుకోండి. రెండోసారి కొన్న మనిషికి మొదటిసారి తిన్న రుచే కావాలి. చెయ్యి మారితే రుచి మారడం ఇంట్లో బాగుంటుంది, అమ్మకంలో కాదు.

సీసాలు మరిగే నీటిలో పది నిమిషాలు ఉంచి, బాగా ఆరాక నింపండి. తడి చుక్క ఒక్కటి చాలు, పైన బూజు పట్టడానికి. ముద్ద పూర్తిగా మునిగి పైన నూనె తేలుతుండాలి.

షెడ్డు, కాగితాలు, లేబుల్

పెద్ద భవనం అక్కర్లేదు. పశువుల పాకకూ మరుగుదొడ్డికీ దూరంగా, నేల కడుక్కోవడానికి వీలుగా గచ్చు చేసిన, కిటికీలకు జాలీలున్న ఒక గది చాలు. తడి పని ఒక వైపు, పొడి పని ఇంకో వైపు జరగాలి. కడిగే చోటు నుంచి ప్యాకింగ్ బల్ల దాకా సరుకు ఒకే దిశలో నడవాలి. వెనక్కి తిరిగొస్తే పచ్చి సరుకు మురికి ఎండిన సరుకుకు అంటుతుంది. తలకు గుడ్డ, గోళ్లు కత్తిరించిన చేతులు, గాజులు, ఉంగరాలు లేకపోవడం, దగ్గూ జ్వరం ఉన్న రోజు పనిలోకి రాకపోవడం, ఈ నియమాలు గోడ మీద రాసి పెట్టండి.

ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మొద్దు. చిన్న యూనిట్లకు సులువైన రిజిస్ట్రేషన్ ఉంది. ఆ సంస్థకు చెందిన ఫోస్కోస్ వెబ్‌సైట్‌లో మీరే దరఖాస్తు చేయొచ్చు, ఫీజు తక్కువే. మధ్యలో ఎవరైనా వేలల్లో అడిగితే ఇవ్వకండి. వచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీద పడాలి. దాంతో పాటు సరుకు పేరు, దినుసులు (ఎక్కువ వాడింది ముందు), నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, తయారీదారు పేరు, చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, శాకాహారమని చెప్పే పచ్చ చుక్క ఉండాలి. ఆవాలు, వేరుశనగ, నువ్వులు పడనివాళ్లుంటారు కాబట్టి అవి వాడితే స్పష్టంగా రాయండి. ఎన్ని నెలలు నిలుస్తుందో ఊహించి రాయొద్దు. గుర్తింపు ఉన్న ల్యాబులో తేమ, సూక్ష్మజీవుల పరీక్ష చేయించి, మీ దగ్గర దాచిన ప్యాకెట్లను నెల నెలా విప్పి చూశాక రాయండి. పక్క రాష్ట్రానికి అమ్మడం మొదలుపెట్టే ముందు జీఎస్టీ సంగతి అకౌంటెంటును అడగండి.

డబ్బు ఎక్కడి నుంచి

కేంద్రం 2020 జూన్ 29న మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం చిన్న ఆహార యూనిట్ల కోసమే వచ్చింది. బ్యాంకు రుణంతో ముడిపడిన 35 శాతం రాయితీ, గరిష్ఠంగా 10 లక్షలు. మన వాటా కనీసం పది శాతం. పొదుపు సంఘంలో ఈ పని చేసే సభ్యురాలికి సమాఖ్య ద్వారా 40 వేల దాకా మూలధనం అందించే ఏర్పాటు కూడా ఆ పథకంలో ఉంది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా, ఏ మార్పులొచ్చాయి అన్నది జిల్లా ఉద్యాన శాఖ కార్యాలయంలో అడిగాకే ముందుకెళ్లండి. రాయితీ వస్తుందన్న ఒక్క కారణంతో మీ గీతకు సరిపోని పెద్ద మెషీన్ కొనకండి. రాయితీ పోను మిగిలిన 65 శాతం, మన వాటా అయినా బ్యాంకు వాయిదాలైనా, భరించాల్సింది మీరే.

ఒంటరిగా చేయడం కంటే పది మంది కలిస్తే నయం. ఒకే డ్రయ్యర్ మీద వారానికి ఇద్దరిద్దరి సరుకు వంతులవారీగా నడిస్తే ఏడాదికి 60 విడతలు నిండుతాయి. లేకపోతే యంత్రం ఖర్చు లెక్కలో బరువెక్కుతుంది. అయితే కలవక ముందే మూడు విషయాలు కాగితం మీద పెట్టుకోండి: ఎవరి సరుకుకు ఏ రోజు ఏ ధర, పాడైన విడత నష్టం ఎవరిది, బ్యాంకు ఖాతాలో ఎవరెవరి సంతకాలు. సంఘాలు విడిపోయేది దాదాపు ఎప్పుడూ ఈ మూడింటి దగ్గరే.

శిక్షణకు దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. మా వైపు కలికిరిలో ఉంది. వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులోని తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, ఇంకా లోతుగా కావాలంటే ఆహార సాంకేతిక సంస్థలైన మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ, తంజావూరు నిఫ్‌టెమ్ ఉన్నాయి.

అమ్మకం: అన్నిటికంటే ముందు చేయాల్సిన పని చివర్లో చెబుతున్నాను

డ్రయ్యర్ కొనకముందే, అద్దెకో అరువుకో దొరికిన డ్రయ్యర్లో ఐదు కిలోల ఒరుగులు చేసి, యాభై ప్యాకెట్లు కట్టండి. అవి ఊరికే పంచిపెట్టే నమూనాలు, అమ్మకానికి కాదు. వాటిలో ఇరవై పట్నంలో ఉన్న బంధువుల ఇళ్లకు ఇచ్చి, వారం తర్వాత ఫోన్ చేసి "బాగుందా" అని అడక్కండి. అందరూ బాగుందనే అంటారు. "ఇంకో ప్యాకెట్ కావాలంటే 80 రూపాయలు పెట్టి కొంటారా" అని అడగండి. పది కర్రీ పాయింట్లకూ, రెండు హాస్టల్ మెస్సులకూ తీసుకెళ్లి, టమాటా ధర పెరిగే నెలల్లో వాళ్లేం చేస్తున్నారో తెలుసుకోండి. కిలో వంద దాటిన రోజున వాళ్లకు పప్పులోకి, రసంలోకి ఒరుగులే ఆధారమవుతాయి. ధర పడ్డప్పుడు ఎండబెట్టి, ధర పెరిగినప్పుడు వీళ్లకు అమ్మడం చిన్న రైతుకు దొరికే అసలైన లాభం. దానికి మంచి ప్యాకింగు, నాలుగైదు నెలలు ఆగగలిగే ఓపిక, ఆ నెలల్లో ఇల్లు గడిచే ఏర్పాటు కావాలి. అందుకే మొదటి ఏడాది పంటలో పదో వంతుకు మించి ఈ దారికి మళ్లించొద్దంటాను.

రోజువారీ అమ్మకానికి రైతు బజార్లు, డ్వాక్రా బజార్లు, సరస్ మేళాలు ఉన్నాయి. ఊరి నుంచి హైదరాబాద్, బెంగళూరు వెళ్లిన పిల్లల వాట్సాప్ గ్రూపులు మొదటి వంద మంది కొనుగోలుదారుల్ని ఇస్తాయి. ఆ వంద మందిలో ఎంతమంది రెండోసారి అడిగారన్నది పుస్తకంలో రాసుకోండి. ముప్పై మంది మళ్లీ అడిగితే డ్రయ్యర్‌కు బయానా ఇవ్వొచ్చు. ఐదుగురే అడిగితే సరుకు మార్చండి, లేదా ధర మార్చండి. అప్పటిదాకా అప్పు జోలికి వెళ్లకండి.

ప్రతి విడత నుంచి రెండు ప్యాకెట్లు తీసి, తేదీ, ఎవరి పొలం కాయో, ఆ రోజు ఎండ ఎలా ఉందో, ఎన్ని గంటలు పట్టిందో చీటీ మీద రాసి, షెడ్డులో ఒక అరలో పెట్టుకోండి. ఎప్పుడైనా ఎవరైనా ఫోన్ చేసి "మీ ప్యాకెట్లో బూజు పట్టింది" అంటే, ముందు క్షమాపణ చెప్పి డబ్బు తిరిగిచ్చేయండి. తర్వాత ఆ బ్యాచ్ నంబరు అడిగి, అరలోంచి అదే విడత ప్యాకెట్ తీసి విప్పి చూడండి. అదీ పాడై ఉంటే, ఆ బ్యాచ్ ఎక్కడెక్కడికి వెళ్లిందో పుస్తకంలో చూసి ఆ సాయంత్రానికల్లా అన్నీ వెనక్కి తెప్పించండి.